లావెండరా, మరువమా, వట్టివేరా? ఇంట్లో ఏ పనికి ఏ సువాసన మొక్క

చలి మొదలయ్యేసరికి నర్సరీల్లో ఊదారంగు పూలతో లావెండర్ కుండీలు వరసగా కనిపిస్తాయి. చూస్తే కొనకుండా రాలేం. బీరువాలో పెడితే పురుగు రాదంటారు, దిండు దగ్గర పెడితే నిద్ర పడుతుందంటారు, కిటికీలో పెడితే దోమలు పోతాయంటారు, టీలోనూ వేసుకోవచ్చంటారు. ఒక్క మొక్కతో ఇన్ని పనులు జరుగుతాయంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. మైదాన ప్రాంతాల్లో ఆ మొక్కల్లో చాలామటుకు ఎండాకాలం ఎలాగో గట్టెక్కి, వానాకాలంలో వేరు కుళ్లి పోతాయి.

ఇంకోపక్క మరువం, దవనం, వట్టివేరు, నిమ్మగడ్డి మనకు తెలిసినవే. పూలకొట్లోనో, పచారీ కొట్లోనో, పక్కింటి పెరట్లోనో దొరుకుతాయి. లావెండర్ చేస్తుందని చెప్పే పనుల్లో కొన్నిటిని ఇవి అంతకంటే బాగా చేస్తాయి. కొన్ని మాత్రం వీటి వల్ల కాదు. ఏ పనికి ఏది తీసుకోవాలో తేల్చుకోలేనివాళ్ల కోసమే ఈ పోలిక.

ముందుగా చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది పట్టించుకోనిది ఒకటుంది: ఆ మొక్క వాసన ఎప్పుడు ఇస్తుంది? లావెండర్ పువ్వు ఎండాక కూడా నెలల తరబడి వాసన నిలుపుకుంటుంది. నలిపితే మళ్లీ లేస్తుంది. వట్టివేరు పొడిగా ఉన్నప్పుడు మెల్లగా ఉంటుంది, నీళ్లు చల్లగానే గదంతా పరుచుకుంటుంది. మరువం పచ్చిగా ఉన్నప్పుడే ఘుమఘుమ. దవనం పచ్చిగా ఉన్నప్పుడూ బాగుంటుంది, ఎండేకొద్దీ తీయగా చిక్కబడుతుంది. నిమ్మగడ్డిని తుంచాలి, నలపాలి లేదా మరిగించాలి. ఊరికే కుండీలో నిలబడి ఉంటే దాని వాసన మీదాకా రాదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. పొడి బీరువాలో వట్టివేరు మీద, నీళ్లు చల్లే కిటికీలో లావెండర్ మీద ఆశ పెట్టుకోరు.

రెండోది, మీ ఊరి వాతావరణం. లావెండర్ మధ్యధరా సముద్ర తీరాల మొక్క. ఎండ కావాలి, నేల పొడిగా ఉండాలి, గాలిలో తేమ ఉండకూడదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఎండకంటే ఉక్కపోతే దానికి పెద్ద శత్రువు.

మూడోది పరిమాణం. ఒక చిన్న కుండీలో వచ్చే లావెండర్ పూలతో మహా అయితే ఒకటి రెండు చిన్న సంచులు నిండుతాయి. బీరువా మొత్తానికి కావాలంటే ఎండుపూలు కొనుక్కోవడమే దారి. వట్టివేరుదీ అదే కథ: వేళ్లు బాగా ఊరడానికి పదిహేను నెలలకు పైనే పడుతుంది, ఆపైన కుండీ పగలగొట్టి తీయాలి.

ఇంట్లో పసిపిల్లలు, పిల్లి, కుక్క ఉన్నాయా అన్నది నాలుగోది. దాని గురించి చివర్లో చెప్తాను.

| మొక్క | వాసన ఎప్పుడు | మన మైదానాల్లో పెంపకం | బాగా పనికొచ్చేది | ఆశ పెట్టుకోకూడనిది |
|---|---|---|---|---|
| లావెండర్ | ఎండాక, నలిపినప్పుడు | కష్టం, చలికాలపు మొక్కగా అయితే సరే | బీరువా సంచులు, పడకగది | దోమలు, పూలమాలలు |
| మరువం | పచ్చిగా | సులువు | మాలలు, గదిలో పచ్చి వాసన | ఎక్కువకాలం నిల్వ |
| దవనం | పచ్చిగా, ఎండాక మరింత | చలికాలంలో మాత్రమే | పూజ, మాల, పెట్టెలో బట్టలు | ఏడాదంతా కుండీలో పచ్చదనం |
| వట్టివేరు | తడిపినప్పుడు | చాలా సులువు, వేళ్లకు ఓపిక కావాలి | వేసవిలో కిటికీ, కూలర్, తాగే నీళ్లు | పూల అందం |
| నిమ్మగడ్డి | నలిపినా, మరిగించినా | అన్నిటికంటే సులువు | టీ, ఇల్లు తుడిచే నీళ్లు | బీరువా |

బీరువా, పట్టుచీరలు

ఇక్కడ నా ఓటు లావెండర్‌కే. అయితే మీరు పెంచిన మొక్కకు కాదు, కొన్న ఎండుపూలకు. మన దేశంలోనే జమ్మూ ప్రాంతంలోని దోడా జిల్లా, భదర్వా చుట్టుపక్కల రైతులు మొక్కజొన్న వేసే పొలాల్లో లావెండర్ వేయడం మొదలుపెట్టారు. 2022లో భదర్వాలో తొలి లావెండర్ పండుగ కూడా జరిగింది. అక్కడి ఎండుపూలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. పలుచని నూలుగుడ్డ సంచిలో రెండు మూడు చెంచాలు పోసి, మూతి కట్టి, చీరల మడతల మధ్య కాకుండా అర మూలల్లో పెట్టండి. వాసన తగ్గినట్టు అనిపిస్తే సంచిని వేళ్లతో నలపండి, మళ్లీ లేస్తుంది.

పురుగు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. లావెండర్ వాసనకు చిమ్మటలు కొంత వెనకాడతాయి. కానీ అప్పటికే బట్టలో గుడ్లు, పురుగులు ఉంటే వాటిని అది చంపదు. చీరను కట్టి విప్పాక చెమట ఆరనివ్వడం, మూడు నాలుగు నెలలకోసారి నీడలో గాలికి పెట్టి మడత మార్చడం, ఈ రెండూ చేసే మేలు ఏ సంచీ చేయలేదు. ఇంకొకటి, లావెండర్ నూనె చుక్కలు పట్టు మీద వేయకండి. మరక పడితే పోదు.

కలరా ఉండలతో పోలిస్తే? పురుగుల మీద ఉండలదే పైచేయి. కానీ ఆ వాసన నెలల తరబడి బట్టలకు పట్టుకుని వదలదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. అవి నాఫ్తలీన్‌వి అయితే, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో ఎర్రరక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఉండల పక్కన దాచిన పాత దుప్పట్లు తీసి ఉతక్కుండా పసిబిడ్డకు కప్పడం మన ఇళ్లలో మామూలే కదా. పసిపిల్లలున్న ఇంట్లో అయితే ఉండలు వద్దనే అంటాను.

లావెండర్ దొరక్కపోతే రెండో స్థానం ఎండు దవనానిది. మాఘ ఫాల్గుణాల్లో పూలకొట్లో కట్టలు దొరికినప్పుడు కొని, నీడలో పెళుసుగా అయ్యేదాకా ఆరబెట్టి సంచిలో కట్టాలి. కొంచెం పచ్చి ఉన్నా బూజు పడుతుంది. దీని తీపి వాసన కొందరికి మరీ ఘాటుగా తోస్తుంది కాబట్టి ముందు ఒక అరలో పెట్టి చూడండి. వట్టివేరు బీరువాలో చెడిపోదు, మరక చేయదు. కానీ పొడి చోట దాని వాసన తలుపు తీసినప్పుడు లీలగా తగిలేంతే. ఆ మాత్రం చాలనుకునేవాళ్లకు అదే నయం.

పడకగది, నిద్ర

లావెండర్ వాసన మనసును కాస్త నెమ్మదింపజేస్తుందని చిన్నాచితకా అధ్యయనాలు చెప్తున్నాయి. దిండు గలీబు లోపల ఒక చిన్న సంచి, లేదా డిఫ్యూజర్లో, అంటే నూనెను ఆవిరిగా గదిలోకి వదిలే పరికరంలో, మూడు నాలుగు చుక్కల లావెండర్ నూనె. పడుకోవడానికి అరగంట ముందు వేసి, నిద్రపోయేముందు ఆపేయడం మంచిది. రాత్రంతా నడిపితే కొందరికి తలనొప్పి వస్తుంది. జర్మనీలో ఆందోళనకు లావెండర్ నూనెతో చేసిన 80 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌ని మందుగా అమ్ముతారు. అది ప్రత్యేకంగా తయారుచేసిన మోతాదు. దాన్ని చూసి డిఫ్యూజర్ సీసాలోని నూనె చుక్క నాలుక మీద వేసుకోకూడదు.

ఆ వాసన నచ్చనివాళ్లూ ఉంటారు. హాస్పిటల్ గుర్తొస్తుందనో, రూమ్ ఫ్రెషనర్ లాగా ఉందనో అంటారు. వాళ్లకు మంచం పక్కన గిన్నెలో నీళ్లు పోసి నాలుగు మరువం రెమ్మలు పెట్టుకోవడం హాయిగా ఉంటుంది. రోజూ రెమ్మలు మార్చాలి, అంతే. నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగుతుంటే మాత్రం ఏ మొక్కతోనూ కాలయాపన చేయకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

దోమలు

ఈ పనిలో అన్నీ ఓడిపోతాయి. కుండీలో నిలబడ్డ లావెండర్, నిమ్మగడ్డి, తులసి ఏదీ గదిలోంచి దోమలను తరమదు. వాసన నూనెలు ఆకు మీదో, లోపలో ఉండే చిన్న తిత్తుల్లో ఉంటాయి. ఆకు నలిగితేనే అవి బయటికొస్తాయి. నూనెగా తీసి ఒంటికి రాసుకుంటే కొంత పనిచేస్తుంది కానీ తొందరగా ఆవిరైపోతుంది. డెంగీ రోజుల్లో ఈ ఆశతో ఉండటం ప్రమాదం. డీట్ లేదా పికారిడిన్ ఉన్న క్రీము, కిటికీలకు జాలీ, దోమతెర, కూలర్ నీళ్లు వారానికోసారి పూర్తిగా పారబోసి తొట్టి రుద్ది ఆరబెట్టడం, ఇవే పనికొచ్చేవి.

నర్సరీల్లో 'దోమల మొక్క' అని అమ్మేది చాలాసార్లు సిట్రొనెల్లా గడ్డి. చూడటానికి నిమ్మగడ్డికి అక్కలా ఉంటుంది. నలిపి చూస్తే నిమ్మ వాసనకు బదులు సబ్బు వాసన వస్తుంది. దీన్ని టీలో వేయకూడదు. నిమ్మగడ్డి అని అడిగి తెచ్చుకున్నా సరే, టీ పెట్టేముందు ఒక ఆకు నలిపి చూడండి.

వంటిల్లు

మన నాలుకకు నిమ్మగడ్డి దగ్గరిది. గ్లాసుకు రెండు ఆకులు ముడి వేసి, అల్లంతో పాటు మరిగించి, ఆపైన టీపొడి, పాలు. లేదా పాలు లేకుండా బెల్లంతో. ఒక పిలక నాటితే ఏడాదిలో ఇంటికి సరిపోను గుబురవుతుంది. ఆకు అంచులు చెయ్యి కోస్తాయి, కత్తెరతో కత్తిరించండి.

వేసవిలో తాగే నీళ్లకు వట్టివేరు. శుభ్రంగా కడిగిన వేళ్లను గుప్పెడు పలుచటి గుడ్డలో కట్టి మట్టికుండలో వేస్తే రాత్రికి రాత్రి నీళ్లకు కమ్మటి మట్టివాసన వస్తుంది. రెండు మూడు రోజులకోసారి వేళ్లు తీసి ఎండలో ఆరబెట్టి మళ్లీ వేయొచ్చు. జిగురు తగిలితే పారేయాలి.

లావెండర్ తినొచ్చు, కానీ అన్ని రకాలూ కాదు. ఇంగ్లిష్ లావెండర్ ఒక్కదానికే వంటలో గౌరవం. మిగతావాటిలో కర్పూరపు ఘాటు ఎక్కువ. లీటరు నిమ్మ షర్బతుకు ఒక టీస్పూను ఎండుపూలు చాలు, అదీ వేడినీళ్లలో అయిదు నిమిషాలు నానబెట్టి వడగట్టి. ఇంకొంచెం వేస్తే సబ్బునీళ్లు తాగినట్టుంటుంది. బీరువాకు, అలంకరణకు అమ్మే పూలను వంటకు వాడకండి, వాటిమీద మందులు, అత్తరు చల్లి ఉండొచ్చు. నా మట్టుకు నాకు పాయసంలో ఏలకులు చాలు. లావెండర్ కేకులూ షర్బతులూ సరదాపడేవాళ్లకే.

పూజ, పూలమాల, వేసవి కిటికీ

లావెండర్‌కి ఇక్కడ చోటు లేదు. కనకాంబరాల మధ్య మరువం రెమ్మ కట్టినప్పుడు వచ్చే పచ్చదనం, ఆ వాసన ఇంకే మొక్కా ఇవ్వదు. చైత్రమాసంలో దేవుడికి దవనంతో పూజ చేసే ఆచారం ఉండనే ఉంది. మరువాన్ని కొమ్మతోనే నాటుకోవచ్చు. పొద్దుటి ఎండ తగిలే బాల్కనీలో బాగా వస్తుంది, నడి వేసవిలో మధ్యాహ్నం నీడ ఇవ్వాలి. దవనం అలా కాదు: అక్టోబరు, నవంబరుల్లో విత్తితే ఫిబ్రవరి, మార్చికల్లా కోతకొస్తుంది, ఆ తర్వాత మొక్క పని అయిపోయినట్టే. ఏడాదికోసారి వచ్చే దానికి కుండీ ఎందుకు అనుకుంటే, సీజన్‌లో గుడిమల్కాపూర్ లాంటి పూల మార్కెట్లో కట్ట కొనుక్కోవడమే మేలు.

కిటికీకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లడం మన పెద్దలు చేసిందే. కానీ ఇది ఊరిని బట్టి పనిచేస్తుంది. కర్నూలు, అనంతపురం, నిజామాబాద్ లాంటి పొడి వేడి ఉన్నచోట నీరు త్వరగా ఆవిరై గది నిజంగా చల్లబడుతుంది. కోస్తా ఉక్కలో వాసన వస్తుంది కానీ చల్లదనం పెద్దగా రాదు, గదిలో తేమ పెరిగి ఇంకా ఉక్కగా అనిపిస్తుంది కూడా. కూలర్‌కి వట్టివేరు ప్యాడ్లు పెట్టినా ఇదే లెక్క. తడికను రోజూ పొద్దుపోయాక ఆరనివ్వకపోతే బూజు వాసన వట్టివేరు వాసనను మింగేస్తుంది.

అయినా లావెండర్ మొక్కే కావాలంటే

తప్పేం లేదు. దాని అందం దానిది, తేనెటీగలకు అదంటే ప్రాణం. కాకపోతే రకం చూసి కొనాలి.

ఇంగ్లిష్ లావెండర్‌కు వాసన బాగుంటుంది, కర్పూరపు ఘాటు తక్కువ. కానీ చలి తగలకపోతే సరిగ్గా పూయదు, ఉక్కలో తట్టుకోదు. ఆకు అంచులు రంపంలా ఉండే ఫ్రెంచ్ రకం వేడిని, తేమను దానికంటే మెరుగ్గా ఓర్చుకుంటుంది, చలి లేకున్నా పూస్తుంది. వాసన మాత్రం ఇంగ్లిష్ అంత సుకుమారంగా ఉండదు. పువ్వు పైన కుందేలు చెవుల్లా రెండు రేకులు నిలబడేది స్పానిష్ రకం: చూడటానికి ముద్దొస్తుంది, వంటకు పనికిరాదు. లావండిన్ అనేది సంకర జాతి. నూనె ఎక్కువ దిగుబడి ఇస్తుంది, విత్తనం కట్టదు. ఆన్‌లైన్లో 'లావండిన్ విత్తనాలు' అని ఎవరైనా అమ్మితే వదిలేయండి. మన దక్కన్‌లోనే ఒక లావెండర్ జాతి అడవిలో తనంతట తాను పెరుగుతుంది, కాకపోతే నర్సరీలో దొరికేది అది కాదు.

హైదరాబాద్, వరంగల్, కర్నూలు వాళ్లు ఫ్రెంచ్ రకం తీసుకుని, అక్టోబరు ఆఖర్లో నాటి, చలికాలమంతా పూలు చూసి, వేసవి దాటితే అదృష్టం అనుకోవడం ఉత్తమం. కోస్తావాళ్లు దాన్ని చామంతిలా ఒక సీజన్ మొక్కగానే లెక్కేసుకోవాలి. అరకు, లంబసింగి, మదనపల్లె వైపు, బెంగళూరులో ఉన్నవాళ్లకు అవకాశాలు ఎక్కువ.

కుండీ మట్టిది, అడుగున చిల్లు పెద్దది. మట్టిలో సగం దాకా ముతక ఇసుక లేదా పెర్లైట్ కలపాలి. కోకోపీట్ ఎక్కువ వేయకండి, అది తడిని పట్టుకుంటుంది. వర్మీకంపోస్ట్ గుప్పెడు చాలు. బలమైన ఎరువు పడితే ఆకు గుబురుగా పెరుగుతుంది, పూలు తగ్గుతాయి. రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు. వానాకాలంలో కుండీని చూరు కిందికి జరపడం ఒక్కటే దాన్ని బతికించే పని. పూత అయ్యాక పచ్చటి భాగాన్ని మూడోవంతు కత్తిరించండి, కర్రదేలిన పాత కొమ్మల్లోకి కోస్తే మళ్లీ చిగురు వేయకపోవచ్చు.

విత్తనం నుంచి పెంచాలంటే ఇంగ్లిష్ రకం విత్తనాలను తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి నాటాలి, ఆపైన మొలకకు ఇంకో రెండు మూడు వారాలు. తొలి ఏడాది పూలు పెద్దగా రావు. అంత ఓపిక లేకపోతే మొక్కే కొనండి. కడియం నర్సరీల్లో కొన్నా, మీ వీధి చివర కొన్నా, కుండీని తిప్పి అడుగు చిల్లులోంచి వేళ్లు తెల్లగా ఉన్నాయో, గోధుమరంగులో మెత్తబడ్డాయో చూడండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు కథ తిరగబడుతుంది. సియాటిల్ పక్కన సెక్విమ్‌లో లావెండర్ తోటలే ఉన్నాయి. ఆ వైపు, లండన్ వైపు ఉన్నవాళ్లు హిడ్‌కోట్, మన్‌స్టెడ్ లాంటి ఇంగ్లిష్ రకాలను నేరుగా నేలలోనే వేసుకోవచ్చు. డాలస్ బంకమట్టిలో అయితే మడిని ఎత్తుగా చేసి, ఇసుక, గులకరాయి కలిపి లావండిన్ రకాలు వేయాలి. న్యూజెర్సీ మంచుకూ ఫినామినల్ అనే లావండిన్ రకం తట్టుకుంటుంది. మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లు మాత్రం స్పానిష్ రకం జోలికి పోకండి, విక్టోరియా రాష్ట్రంలో అది కలుపుమొక్కగా ప్రకటించిన జాతి. అక్కడి వాళ్లకు కష్టమయ్యేది మన నిమ్మగడ్డి, మరువం: మంచు పడేముందు కుండీలు ఇంట్లోకి తేవాల్సిందే.

పిల్లి, పసిపిల్లలు, నూనె సీసా

లావెండర్ పిల్లులకు, కుక్కలకు పడదు. ఎండుపూల సంచి మూసిన బీరువాలో ఉంటే ఇబ్బంది లేదు, డిఫ్యూజర్‌తోనే చిక్కు. పిల్లి తిరిగే ఇంట్లో ఏ సువాసన నూనెనూ మూసిన గదిలో ఆవిరి పట్టించకండి. పసిపిల్లల దిండు దగ్గర, ఒంటికి రాసే నూనెలో లావెండర్ వద్దు. గర్భిణులు డాక్టర్‌ని అడిగి వాడాలి.

సీసా కొనేటప్పుడు 'లావెండర్ ఆయిల్' అన్న పెద్ద అక్షరాలు చూసి మోసపోవద్దు. లేబుల్ మీద లావండులా అంగుస్టిఫోలియా అన్న శాస్త్రీయ నామం, ఎసెన్షియల్ ఆయిల్ అన్న మాట రెండూ ఉండాలి. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని ఉంటే అది కృత్రిమ సువాసన. గది వాసనకు సరే, ఒంటికి కాదు. చర్మానికి రాయాలంటే ఒక టేబుల్ స్పూను కొబ్బరినూనెలో ఆరు చుక్కలు మించకూడదు, అదీ ముందు మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు చూశాక. మూత గట్టిగా బిగించి చీకటి అరలో పెట్టండి. గాలి తగిలి పాతబడ్డ లావెండర్ నూనె కొత్తదానికంటే ఎక్కువ అలర్జీ చేస్తుంది. ఏడాది రెండేళ్లకు వాసన మారినట్టనిపిస్తే ఒంటికి వాడటం మానేయండి. పిల్లి లేని ఇల్లయితే తడిగుడ్డ పెట్టే బకెట్లో అయిదారు చుక్కల చొప్పున వేసి ఖర్చు చేసేయొచ్చు.